పొగాకు వేలం కేంద్రం నుంచి డేటా వేర్‌హౌస్ దాకా: డేటా మోడలింగ్ నేర్చుకునే వారికి సమగ్ర మార్గదర్శి

ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో ఇంజనీరింగ్ పూర్తి చేసిన పిల్లల్లో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష) బాగా వచ్చినవారు చాలామందే ఉన్నారు. టేబుళ్లు చేతికిస్తే వాటి నుంచి కావలసిన జవాబు రాబట్టగలరు గానీ, అసలు ఆ టేబుళ్లు ఎన్ని ఉండాలి, ఒక్కో దాంట్లో ఏముండాలి అని అడిగితే, అంటే డేటా మోడలింగ్ దగ్గరికి వచ్చేసరికి, తడబడతారు. పాఠాల్లో వచ్చే ఉదాహరణలన్నీ తాము ఎన్నడూ అడుగుపెట్టని విదేశీ దుకాణాల అమ్మకాల గురించే కావడం ఇందుకు ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. లోతుపాతులు తెలియని వ్యాపారాన్ని ఎవరూ సరిగ్గా మోడల్ చేయలేరు. అందువల్ల ఈ మార్గదర్శిలో మనకు కళ్లెదుట జరిగే పనినే, అంటే ప్రకాశం, నెల్లూరు జిల్లాల పొగాకు వేలాన్నే, మొదటి నుంచి చివరిదాకా ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇందులోని బరువులు, ధరలు, కీ నెంబర్లు (టేబుల్‌లో ఒక్కో వరుసను గుర్తించే నెంబర్లు) అభ్యాసం కోసం ఊహించినవి. పద్ధతులు మాత్రం ఏ కంపెనీ వేర్‌హౌస్‌లోనైనా, అంటే విశ్లేషణ కోసం డేటాను విడిగా దాచే చోటనైనా, వాడేవే.

వేర్‌హౌస్ ఎందుకు వేరుగా ఉండాలి

రోజువారీ పనిని నడిపే డేటాబేస్‌కు ఒక్కటే ధ్యాస: ఇప్పుడు జరుగుతున్న లావాదేవీ తప్పు లేకుండా, తొందరగా నమోదు కావాలి. 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా, దాన్నుంచి పుట్టిన నార్మలైజేషన్ నియమాలు ఈ అవసరానికి చక్కగా సరిపోతాయి. ఒక విషయం ఒక్కచోటే ఉంటుంది కాబట్టి దాన్ని మార్చాల్సి వస్తే ఒక్కచోట మారిస్తే చాలు. అయితే గడిచిన అయిదు పంటకాలాల్లో ఏ కేంద్రంలో ఏ గ్రేడుకు కిలో సగటున ఎంత పలికిందో చెప్పమని అదే డేటాబేస్‌ను అడిగితే పది పన్నెండు టేబుళ్లను కలపాల్సి వస్తుంది. పైగా రైతు చిరునామా మారినప్పుడల్లా పాతది చెరిగిపోయి ఉంటుంది కనుక వచ్చిన జవాబును నమ్మడానికీ లేదు.

వేర్‌హౌస్‌కు బిల్ ఇన్‌మన్ చెప్పిన నాలుగు లక్షణాలు ఈ రెండు ఇబ్బందులకూ సమాధానంగా నిలుస్తాయి. అది విషయాల వారీగా అమరి ఉండాలి, వేర్వేరు మూలాల డేటా ఒకే తీరుకు వచ్చి ఉండాలి, కాలంతో ముడిపడి ఉండాలి, ఒకసారి చేరినది చెరిగిపోకూడదు. ఆ వేర్‌హౌస్‌ను ప్రశ్నలకు అనువుగా ఎలా మలచాలన్నదానికి రాల్ఫ్ కింబాల్ ప్రచారంలోకి తెచ్చిన డైమెన్షనల్ మోడలింగ్ అన్నిటికంటే ఎక్కువగా వాడుకలో ఉంది. నేర్చుకునేవారు దానితోనే మొదలుపెట్టడం మంచిది. పనిని ఎంచుకోవడం, గ్రెయిన్‌ను (ఒక్క వరుస దేన్ని చెబుతుందో) ప్రకటించడం, డైమెన్షన్లను (ఎవరు, ఎక్కడ, ఎప్పుడు వంటి వివరాలను) గుర్తించడం, ఫ్యాక్టులను (కొలతలను) గుర్తించడం అనే నాలుగు అడుగులు అందులో ఉన్నాయి. ఈ వరుసను తప్పించి ముందుకు దూకినవారు తిరిగి మొదటికే రావాల్సి ఉంటుంది.

మొదటి అడుగు: ఏ పనిని మోడల్ చేస్తున్నాం

ఇక్కడ 'పని' అంటే శాఖ కాదు, నివేదికా కాదు; లెక్కపెట్టడానికి వీలుగా పదేపదే జరిగే ఒక చర్య. పొగాకు విషయంలో నారుమడి, నాట్లు, బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో) క్యూరింగ్, వేలం, చెల్లింపు అనే పనులు ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. వీటన్నిటినీ ఒకేసారి మోడల్ చేయబోతే ఏదీ పూర్తి కాదు. ఎక్కువమంది అడిగే ప్రశ్నలు దేని చుట్టూ ఉన్నాయో, దేని డేటా శుభ్రంగా దొరుకుతుందో చూసి ఒక్కదాన్ని ఎంచుకోవాలి. మనం వేలాన్ని ఎంచుకుందాం.

మోడల్ గీయడానికి ముందు ఆ పని జరిగే తీరును సొంత మాటల్లో ఒక పేజీ రాయండి. రైతు ఆకును క్యూరింగ్ చేసి, గ్రేడు చేసి, బేళ్లు కట్టి, తనకు కేటాయించిన రోజున టంగుటూరులోనో కొండపిలోనో ఉన్న కేంద్రానికి తెస్తాడు. ప్రతి బేలునూ తూకం వేసి, నెంబరు వేసి, గ్రేడు నిర్ణయిస్తారు. బేళ్లు వరుసల్లో ఉండగా కొనుగోలుదారులు ఒక్కొక్కటే చూసి ధర చెబుతారు. కొన్ని అమ్ముడవుతాయి, కొన్నిటికి ఎవరూ ధర చెప్పరు. వాటిని నోబిడ్ అంటారు. ఈ పేజీలో వచ్చిన నామవాచకాల్లో చాలావరకు రేపు డైమెన్షన్లవుతాయి, తూకాలూ ధరలూ ఫ్యాక్టులవుతాయి.

రెండో అడుగు: గ్రెయిన్

మొత్తం మోడలింగ్‌లో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టమని చెప్పేది ఈ అడుగు మీదే. ఫ్యాక్ట్ టేబుల్‌లో ఒక్క వరుస దేన్ని చెబుతుందో ఒకే ఒక్క వాక్యంలో, ఆ పనిలో ఉన్నవారికి అర్థమయ్యే మాటల్లో రాయడమే గ్రెయిన్‌ను ప్రకటించడం. వాక్యం రాయలేకపోతున్నామంటే పని ఇంకా మనకు అర్థం కాలేదన్నమాట.

'ఒక కేంద్రంలో ఒక రోజు జరిగిన వేలం' అని రాస్తే రోజుకొక మొత్తం దక్కుతుంది. గ్రేడుల వారీగా ధర అడిగిన మరుక్షణమే ఆ టేబుల్ చేతులెత్తేస్తుంది. మొత్తాలను వివరాల నుంచి ఎప్పుడైనా తయారు చేసుకోవచ్చు గానీ, మొత్తాల నుంచి వివరాలను వెనక్కి తెచ్చుకునే దారి లేదు. కనుక డేటా ఎంత చిన్న ముక్కగా దొరుకుతుందో అంత చిన్న ముక్క దగ్గరే గ్రెయిన్ పెట్టుకోవాలి.

నేను అభ్యాసంగా మొట్టమొదట చేసిన మోడల్‌లో 'అమ్ముడైన ఒక బేలు' అని రాసుకున్నాను. అది తగినంత చిన్న ముక్కేనని, ఇక సందేహం అక్కర్లేదని అనుకున్నాను. ఏళ్ల తరబడి పొగాకు పండించిన మా పెదనాన్నకు ఆ కాగితం చూపించి, ఒక్కో వరుసా చదివి వినిపించాను. ఆయన అంతా విని, "నోబిడ్ అయిన బేళ్ల సంగతేంది అబ్బయా? అవి ఇంటికి తిరిగొస్తే బాడుగ ఎవరు కడతారు?" అని అడిగారు. నా టేబుల్‌లో వాటికి చోటే లేదు. ఏ కేంద్రంలో నోబిడ్లు పెరుగుతున్నాయి, ఏ గ్రేడు బేళ్లు ఎక్కువగా వెనక్కి వస్తున్నాయి, ఒక బేలు సగటున ఎన్నోసారికి అమ్ముడవుతోంది అనేవి రైతుకు ధర తర్వాత అంతటి ముఖ్యమైన ప్రశ్నలు. వాటిలో ఒక్కదానికీ నా మోడల్ జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రమే వాక్యాన్ని మార్చి ఇలా రాశాను: 'ఒక బేలును ఒక రోజు ఒక కేంద్రంలో ఒకసారి వేలానికి పెట్టడం ఒక వరుస.'

ఈ వాక్యంలో ప్రతి మాటకూ బరువుంది. 'పెట్టడం' అన్నందువల్ల అమ్ముడైనదీ కానిదీ రెండూ వస్తాయి. 'ఒకసారి' అన్నందువల్ల, అదే బేలు మూడు రోజులు వేలానికి వస్తే మూడు వరుసలుంటాయి. అప్పుడు వెంటనే ఇంకో జాగ్రత్త తీసుకోవాల్సి వస్తుంది: 120 కిలోల బేలు మూడోసారికి అమ్ముడైతే బరువు కాలమ్‌ను కూడినప్పుడు 360 కిలోలు వస్తాయి. కాబట్టి 'వేలానికి పెట్టిన బరువు', 'అమ్ముడైన బరువు' అని రెండు వేర్వేరు కాలమ్‌లు ఉండాలి. మొదటి రెండు వరుసల్లో అమ్ముడైన బరువు సున్నా, మూడో వరుసలో 120. అలాగే, నోబిడ్ అయిన బేలును రైతు ఇంటికి తీసుకెళ్లి విప్పి, ఆకును మళ్లీ వేరుచేసి కొత్తగా కట్టుకొస్తే దాన్ని పాత బేలుగా లెక్కించాలా, కొత్తదిగానా? మూల డేటాలో కొత్త నెంబరు వస్తుంటే కొత్త బేలుగానే తీసుకోక తప్పదు. ఆ నిర్ణయాన్ని గ్రెయిన్ వాక్యం కిందే రాసిపెట్టాలి. రాయకుండా వదిలేస్తే ఏడాది తర్వాత ఇద్దరు మనుషులు రెండు లెక్కలు చెబుతారు.

మూడో అడుగు: డైమెన్షన్లు

గ్రెయిన్ వాక్యం ఖాయమయ్యాక ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏది అని ఆ వాక్యాన్నే ప్రశ్నిస్తూ పోతే డైమెన్షన్లు వాటంతటవే బయటపడతాయి. మన మోడల్‌కు తేదీ, కేంద్రం, రైతు, బ్యారన్, గ్రేడు, కొనుగోలుదారు, వేలం ఫలితం అనే ఏడు డైమెన్షన్లు వస్తాయి. ఫ్యాక్ట్ టేబుల్ మధ్యలో ఉండి చుట్టూ ఇవి అమరడం వల్ల ఈ ఆకారాన్ని స్టార్ స్కీమా అంటారు.

రైతునూ బ్యారన్‌నూ ఎందుకు వేరు చేశానో చెప్పాలి. రెండూ ఒకటేనని పైకి అనిపిస్తుంది. మన ప్రాంతంలో ఒకే రైతుకు రెండు బ్యారన్లు ఉండటమూ, ఒకరి బ్యారన్‌ను మరొకరు ఆ ఏడాదికి కౌలుకు తీసుకోవడమూ మామూలే. బ్యారన్ టేబుల్‌లో రైతు పేరు కాలమ్ పెట్టేస్తే కౌలు మారిన ప్రతిసారీ తలనొప్పే. రెండిటినీ విడివిడిగా ఉంచి, ఫ్యాక్ట్ వరుసలో రెండిటి కీలూ పెడితే, ఆ రోజు ఆ బేలు ఏ బ్యారన్‌లో క్యూరింగ్ అయి ఏ రైతు పేరున వచ్చిందో ఆ వరుసే సాక్ష్యం చెబుతుంది.

బేలు నెంబరుకు మాత్రం విడిగా టేబుల్ అక్కర్లేదు. నెంబరు తప్ప దాని గురించి దాచదగ్గ వివరాలు మిగిలిన డైమెన్షన్లలోకే వెళ్లిపోయాయి కాబట్టి, నెంబరును నేరుగా ఫ్యాక్ట్ టేబుల్‌లోనే ఉంచాలి. దీన్ని డీజనరేట్ డైమెన్షన్ అంటారు. బిల్లు నెంబర్లు, రసీదు నెంబర్లు కూడా ఈ కోవలోవే.

ఊరు, మండలం, డివిజన్, జిల్లా అని నాలుగు టేబుళ్లుగా విడగొట్టాలన్న కోరిక నార్మలైజేషన్ బాగా చదివినవారికి తప్పకుండా కలుగుతుంది. అలా విడగొడితే వచ్చేదాన్ని స్నోఫ్లేక్ అంటారు. రెండు జిల్లాల ఊళ్లన్నీ కలిపినా కొన్ని వేల వరుసలు మించవు. వాటిని విడగొట్టి ఆదా చేసే చోటు లెక్కలోకి రానిది, ప్రతి ప్రశ్నలోనూ అదనంగా కలపాల్సిన టేబుళ్లు మాత్రం మూడు. అన్నిటినీ ఒకే టేబుల్‌లో పక్కపక్కనే పెట్టండి. పేర్ల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి: కొండపి, కొండెపి అని ఒకే ఊరిని రెండు రకాలుగా రాసే అలవాటు మనకుంది, వేర్‌హౌస్‌లోకి వచ్చేసరికి ఒక్క రూపమే మిగలాలి.

తేదీ టేబుల్ గురించి

తేదీ అనేది కాలమ్‌గా ఎలాగూ ఉంటుంది కదా, దానికో టేబుల్ దేనికని కొత్తవారు అడుగుతారు. పొగాకు పంట అక్టోబరు, నవంబరుల్లో నాట్లు పడి మరుసటి ఏడాది వేసవిలో వేలానికి వస్తుంది. అంటే ఒక పంటకాలం రెండు క్యాలెండరు సంవత్సరాల మీదుగా నడుస్తుంది. ఆర్థిక సంవత్సరమేమో ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది కనుక, ఒకే పంట వేలం కొంత మార్చిలోనూ కొంత ఏప్రిల్ తర్వాతా జరిగితే రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడుతుంది. ఏ తేదీ ఏ పంటకాలానిదో, ఏ ఆర్థిక సంవత్సరానిదో ప్రతి ప్రశ్నలోనూ లెక్కగట్టే బదులు తేదీ టేబుల్‌లో ఒకసారి రాసిపెట్టాలి.

పండుగలకూ ఇదే వర్తిస్తుంది. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. ఏ తేదీ ఫంక్షనూ దీన్ని తనంతట తాను చెప్పలేదు. పంచాంగం చూసి మనమే నింపాలి. పదేళ్లకు 3,652 లేదా 3,653 వరుసలు, అంతే. ఒక పూటలో తయారయ్యే ఈ టేబుల్ వేర్‌హౌస్ ఉన్నంతకాలం పనికొస్తుంది.

నాలుగో అడుగు: ఫ్యాక్టులు

ఫ్యాక్ట్ అంటే కొలత. ప్రతి కొలతనూ చేర్చేముందు 'దీన్ని కూడవచ్చా?' అని అడగాలి. బరువును, రూపాయల మొత్తాన్ని రోజుల మీదుగా, కేంద్రాల మీదుగా, రైతుల మీదుగా ఎలాగైనా కూడవచ్చు. ఇవి అడిటివ్ ఫ్యాక్టులు. ఒక రోజు చివర రైతు ఇంట్లో మిగిలిన నిల్వను రైతుల మీదుగా కూడవచ్చు గానీ రోజుల మీదుగా కూడకూడదు, ఎందుకంటే సోమవారం నిల్వా మంగళవారం నిల్వా చాలావరకు ఒకే సరుకు. ఇది సెమీ అడిటివ్. కిలో ధరను ఏ దిక్కునా కూడకూడదు. అది నాన్ అడిటివ్.

ధర దగ్గర జరిగే తప్పును అంకెలతో చూద్దాం. ఒక రైతు తెచ్చిన మొదటి బేలు 120 కిలోలు, కిలో 280 రూపాయలు పలికింది. రెండోది 80 కిలోలు, కిలో 180 రూపాయలు. ధర కాలమ్‌కు సగటు తీస్తే 230 వస్తుంది. రైతు చేతికి వచ్చింది 33,600, 14,400 కలిపి 48,000 రూపాయలు. అమ్మింది 200 కిలోలు. అంటే కిలోకు నిజంగా పడింది 240. రెండు బేళ్లకే కిలోకు పది రూపాయల తేడా వచ్చింది. అందువల్ల ఫ్యాక్ట్ టేబుల్‌లో అమ్ముడైన బరువును, మొత్తం రూపాయలను ఉంచి, సగటు ధరను ఎప్పటికప్పుడు మొత్తం రూపాయలను మొత్తం బరువుతో భాగించి తీయాలి. కిలో ధరను కూడా అదే వరుసలో ఉంచుకోవచ్చు. కనిష్ఠం, గరిష్ఠం చూడటానికి అది పనికొస్తుంది. కానీ దానికి నేరుగా సగటు తీయడం మంచిది కాదని కాలమ్ వివరణలో రాసిపెట్టాలి.

నోబిడ్ వరుసలో ధర ఏమని రాయాలి? సున్నా అని రాస్తే కనిష్ఠ ధర అడిగినవారికి సున్నా వస్తుంది. ఎవరూ సున్నాకు అడగలేదు, అసలు ధరే చెప్పలేదు. కాబట్టి అక్కడ నల్ (విలువ లేదని చెప్పే ఖాళీ గుర్తు) ఉండాలి. బరువు, రూపాయల విషయంలో మాత్రం అమ్మింది ఏమీ లేదన్నది నిజమే కనుక సున్నాయే సరైనది. డైమెన్షన్ కీలలో మాత్రం నల్‌ను ఎన్నడూ వదలకూడదు. కొనుగోలుదారు టేబుల్‌లోనే 'కొనుగోలు జరగలేదు' అని ఒక వరుస, 'వివరం అందలేదు' అని ఇంకో వరుస ముందే పెట్టి, నోబిడ్లకు మొదటి దాన్ని, కాగితంలో ఖాళీ ఉన్నవాటికి రెండో దాన్ని చూపాలి. ఈ రెండూ ఒకటి కాదన్న తేడాను నల్ దాచేస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది ఒక్కో సంఘటనకు ఒక్కో వరుస ఉండే ట్రాన్సాక్షన్ ఫ్యాక్ట్. రోజుకొకసారి నిల్వలను ఫొటో తీసినట్టు నమోదు చేసేది పీరియాడిక్ స్నాప్‌షాట్. ఒక బ్యారన్ ఒక పంటకాలంలో నాట్ల తేదీ, మొదటి క్యూరింగ్ తేదీ, మొదటి వేలం తేదీ, చివరి చెల్లింపు తేదీ అని ఒకే వరుసలో పలు తేదీ కాలమ్‌లు పెట్టి, ఒక్కో దశ దాటినప్పుడల్లా ఆ వరుసను నింపుకుంటూ పోయేది అక్యుములేటింగ్ స్నాప్‌షాట్. ఏ దశ దగ్గర ఎన్ని రోజులు ఆలస్యమవుతోందో తెలుసుకోవడానికి మూడోది అన్నిటికంటే అనువైనది.

కందుకూరు ఏ జిల్లాలో ఉంది?

కాలంతో పాటు మెల్లగా మారే వివరాలను ఎలా దాచాలన్నది ఇంటర్వ్యూల్లో తరచుగా వచ్చే ప్రశ్న. స్లోలీ చేంజింగ్ డైమెన్షన్లు అని దానికి పేరు. దీన్ని అర్థం చేసుకోవడానికి కందుకూరును మించిన ఉదాహరణ నాకు ఎక్కడా దొరకలేదు. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న కందుకూరు 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాకు వెళ్లింది. అదే రోజున అద్దంకి, చీరాల బాపట్ల జిల్లాకు, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి.

2022 నాటి ఈ మార్పుకు కేంద్రం డైమెన్షన్‌లో కందుకూరు వరుసను ఏం చేయాలి? జిల్లా కాలమ్‌లో పాతదాన్ని చెరిపి కొత్తది రాయడం టైప్ 1. అలా చేస్తే 2019లో అక్కడ అమ్ముడైన పొగాకంతా నెల్లూరు జిల్లా లెక్కలోకి మారిపోతుంది, 2019లో అచ్చయిన ప్రకాశం నివేదికకూ మన అంకెలకూ పొత్తు కుదరదు. టైప్ 2లో పాత వరుసలోని జిల్లాను ముట్టుకోకుండా, దానికి ముగింపు తేదీ మాత్రం వేసి, కొత్త వరుస చేరుస్తాం:

కేంద్రం కీ 14, కందుకూరు, ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ 3 వరకు
కేంద్రం కీ 57, కందుకూరు, నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి

వేర్‌హౌస్ తనకంటూ సొంత నెంబర్లను, అంటే సరోగేట్ కీలను, ఎందుకు వేసుకోవాలో ఇక్కడే స్పష్టమవుతుంది. మూల వ్యవస్థలో కందుకూరు కేంద్రానికి ఒకే కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌నే కీగా వాడితే రెండు వరుసలకు చోటుండదు. ఆ కోడ్‌ను మామూలు కాలమ్‌గా ఉంచుకుని, కలపడానికి 14, 57 వంటి అర్థం లేని నెంబర్లను వాడాలి.

పొగాకు వేలాలు సాధారణంగా సాగే కాలంలోనే ఆ ఏప్రిల్ 4 పడిందన్నది గమనించండి. ఒకే పంటకాలపు బేళ్లు కొన్ని కీ 14తో, కొన్ని కీ 57తో ఉంటాయి. ఆలస్యంగా చేతికందే కాగితాల విషయంలో ఇది మరీ ముఖ్యం: మార్చి 28న జరిగిన వేలం వివరం మే నెలలో మన దగ్గరకు వస్తే, మే నెలలో చెల్లుబాటులో ఉన్న కీ 57 కాకుండా, వేలం జరిగిన రోజున చెల్లుబాటులో ఉన్న కీ 14 వేయాలి. లోడింగ్ (డేటాను వేర్‌హౌస్‌లోకి చేర్చే ప్రోగ్రామ్) రాసేవారు అత్యధికంగా పొరబడేది ఇక్కడే, ఎందుకంటే ప్రస్తుత వరుసను వెతకడం తేలిక, ఆ నాటి వరుసను వెతకాలంటే తేదీల మధ్య పోల్చాలి.

టైప్ 2 పెట్టగానే సమస్య తీరిపోయిందని అనుకోకూడదు. 2021, 2023 పంటకాలాలను ప్రకాశం జిల్లాలో పోల్చమని అడిగితే, సరిహద్దు మారినందువల్లనే అమ్మకాలు పడిపోయినట్టు కనిపిస్తాయి. ఒక్క రైతూ ఒక్క బేలూ తగ్గించకపోయినా సరే. ఇలా అడిగేవారికి రెండేళ్లకూ ఒకే సరిహద్దు కావాలి. అందుకని అదే టేబుల్‌లో 'అప్పటి జిల్లా', 'ఇప్పటి జిల్లా' అని రెండు కాలమ్‌లు ఉంచండి. మొదటిది ఎన్నడూ మారదు. రెండోదాన్ని సరిహద్దు మారినప్పుడల్లా కందుకూరుకు చెందిన వరుసలన్నిటిలోనూ తిరగరాస్తాం. టైప్ 1, టైప్ 2లను ఇలా కలపడాన్ని కొందరు టైప్ 6 అంటారు. ముందటి విలువ ఒక్కదాన్నే పక్క కాలమ్‌లో దాచుకునే టైప్ 3 కూడా ఉంది గానీ, రెండోసారి మార్పు రాగానే మొదటిది పోతుంది కనుక మన జిల్లాల విషయంలో దాన్ని నేను సిఫారసు చేయను.

అన్ని మార్పులకూ టైప్ 2 అక్కర్లేదు. నెల్లూరు జిల్లా పేరు 2008లో పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాగా మారింది. సరిహద్దు మారలేదు, పేరు మాత్రమే మారింది కాబట్టి తిరగరాయడం సరిపోతుంది. రైతు పేరులో అచ్చుతప్పు దిద్దడమూ అంతే. ఏ కాలమ్‌కు ఏ టైప్ అన్నది డేటా తెలిసినవారితో కూర్చుని కాలమ్ వారీగా నిర్ణయించి రాసుకోవాలి.

రెండో ఫ్యాక్ట్ టేబుల్ చేరినప్పుడు

వేలం తర్వాత సహజంగా చెల్లింపులను చేర్చాలనిపిస్తుంది. దాని గ్రెయిన్ 'ఒక రైతు ఖాతాలో ఒక రోజు జమ అయిన ఒక మొత్తం'. తేదీ, రైతు డైమెన్షన్లు రెండు ఫ్యాక్టులకూ ఒకటే కావాలి. ఇలా పంచుకునేవాటిని కన్‌ఫార్మ్‌డ్ డైమెన్షన్లు అంటారు. ఒక కాగితం మీద నిలువుగా పనులు, అడ్డంగా డైమెన్షన్లు రాసి, ఏ పనికి ఏవి కావాలో టిక్కులు పెట్టుకుంటే అదే బస్ మ్యాట్రిక్స్. ముందుముందు ఏ టేబుల్‌ను ఎవరెవరు పంచుకుంటారో ఆ ఒక్క కాగితం చెబుతుంది.

రెండు ఫ్యాక్ట్ టేబుళ్లను రైతు కీతో నేరుగా కలపడం మాత్రం ఎన్నడూ చేయకండి. ఒక రైతుకు 10 బేళ్లు, 2 చెల్లింపులు ఉన్నాయనుకుంటే, కలిపినప్పుడు 20 వరుసలొస్తాయి. బేళ్ల బరువు రెట్టింపవుతుంది, చెల్లింపు మొత్తం పదింతలవుతుంది. ఎక్కడా తప్పు సందేశం రాదు, అంకె మాత్రం ఘోరంగా తప్పు. ముందుగా ఒక్కో ఫ్యాక్టును విడిగా రైతు వారీగా కూడి, ఒక్కో రైతుకు ఒక్కో వరుస వచ్చాక, ఆ రెండు ఫలితాలను కలపాలి.

నింపడం, సరిచూడటం

ముందు డైమెన్షన్లను, ఆ తర్వాతే ఫ్యాక్టులను లోడ్ చేయాలి. లేకపోతే కీలు దొరకవు. లోడ్ చేసిన ప్రతిసారీ మూడు పరీక్షలు చేయండి. మూలంలోని వరుసల సంఖ్యకూ మన వరుసల సంఖ్యకూ తేడా ఉందా, ఒక రోజు మొత్తం రూపాయలు ఆ రోజు బిల్లుల మొత్తంతో సరిపోతున్నాయా, బేలు నెంబరు, తేదీ, కేంద్రం మూడూ ఒకటే అయిన వరుసలు రెండు ఉన్నాయా. మూడోది గ్రెయిన్ వాక్యాన్నే పరీక్షగా మార్చడం. అది తప్పితే మిగిలిన అంకెలేవీ నమ్మదగ్గవి కావు.

ఎలా సాధన చేయాలి

మొదటి వారం కంప్యూటర్ తెరవకండి. గ్రెయిన్ వాక్యం, డైమెన్షన్ల పేర్లు, పది కల్పిత వరుసలు కాగితం మీద రాసి, ఆ పనిలో ఉన్న ఒక మనిషికి చదివి వినిపించండి. రెండో వారం ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్ లేదా డక్‌డీబీ డేటాబేస్‌లో టేబుళ్లు కట్టి, తేదీ టేబుల్‌ను పూర్తిగా నింపండి. మూడో వారం వెయ్యి కల్పిత బేళ్లు తయారు చేసి, పైన చెప్పిన ప్రశ్నలన్నిటికీ జవాబులు తీయండి. నాలుగో వారమంతా కందుకూరు మార్పుకే కేటాయించండి. ఆలస్యంగా వచ్చిన మార్చి కాగితాన్ని కూడా కావాలని చేర్చి చూడండి. ఇన్‌మన్ చెప్పిన నార్మలైజ్డ్ కేంద్ర వేర్‌హౌస్ పద్ధతి, డాన్ లిన్‌స్టెడ్ రూపొందించిన డేటా వాల్ట్ పద్ధతి దీని తర్వాత చదివితే, అవి ఏ ఇబ్బందిని తీర్చడానికి వచ్చాయో సులభంగా పట్టుబడుతుంది.

రెండో అభ్యాసానికి నెల్లూరు తీరంలోని రొయ్యల చెరువులను తీసుకోండి. ఇక్కడ పని పట్టుబడి; గ్రెయిన్ 'ఒక చెరువులో ఒక రోజు పట్టిన రొయ్యల్లో ఒక కౌంటు కింద తూచిన సరుకు'. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఒక చెరువులో 30 కౌంటు సరుకు 2,000 కిలోలు, ఇంకో చెరువులో 60 కౌంటు సరుకు 1,000 కిలోలు వచ్చాయనుకోండి. రెండూ కలిపి సగటు కౌంటు ఎంత? 45 అని రాసినవారు ధర దగ్గర చెప్పిన భాగాన్ని మళ్లీ చదవాలి. మొదటి చెరువులో 60,000 రొయ్యలు, రెండో దాంట్లోనూ 60,000, మొత్తం 1,20,000 రొయ్యలు, 3,000 కిలోలు, కౌంటు 40. ఈ జవాబు ఎప్పుడూ సరిగ్గా రావాలంటే ఫ్యాక్ట్ టేబుల్‌లో ఏ రెండు కొలతలు ఉండాలో ముందు కాగితం మీద రాసి, ఆ తర్వాతే టేబుల్ కట్టండి.